మంచివాడికి సీటు లేదు

కౌన్సెలరు ఫోను దొంగిలించాలని తమ్ముడు ఆ ఉదయం పళ్ళు తోముకుంటూ నిర్ణయించుకున్నాడు. దొంగిలిస్తే సరిపోదు, పట్టుబడాలి కూడా. పట్టుబడని దొంగతనం వల్ల అతనికి పైసా ఉపయోగం లేదు.

ఆ కౌన్సెలరు పనిచేసేది, దారి తప్పే ప్రమాదంలో ఉన్న యువతకి చేయూతనిచ్చే కేంద్రంలో. ఏసీలు, ఫ్రిజ్జులు బాగుచేయడం నేర్పి, టూల్ బ్యాగు చేతికిచ్చి, ఉద్యోగంలో పెట్టేదాకా వదలరు. శనివారంతో చేరికలు ముగిసిపోతాయి. నిన్న అతను తన ఫస్టు క్లాసు సర్టిఫికెట్లు చంకలో పెట్టుకుని ఆశగా వెళ్ళాడు. వాటిని తీసుకుని వెళ్ళని ఆఫీసంటూ ఊళ్ళో ఇక మిగల్లేదు. అబద్ధాలాడతావా, కోపం వస్తే ఏం చేస్తావు, ఎవరినైనా కొట్టాలనిపించిందా అని కౌన్సెలరు గుచ్చిగుచ్చి అడిగాడు. చివరికి జబ్బు దొరకని డాక్టరులా నిట్టూర్చాడు.

"నువ్వు చాలా మంచివాడివి బాబూ. అదే ఇబ్బంది. స్టేషన్లో నీ మీద ఒక్క ఫిర్యాదైనా ఉండాలి. మీ అన్నని చూడు."

చూడక తప్పదు. గోడ మీద ఫ్రేములోంచి అన్న నవ్వుతున్నాడు. కింద 'నిన్న దొంగ, నేడు మెకానిక్' అని రాసి ఉంది. తమ దగ్గర చేరినవాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు మళ్ళీ దొంగతనం జోలికి పోలేదని, ఇలాంటి ఫలితం ఇంకెక్కడా లేదని కౌన్సెలరు చెప్పుకొచ్చాడు.

రెండేళ్ళ కిందట అన్న అమ్మ గొలుసు కొట్టేశాడు. తమ్ముడు అప్పుడు పరీక్షల కోసం మేనమామ ఇంట్లో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. కన్నతల్లే ఫిర్యాదు చేసింది, గొలుసు దొరికింది, అన్న కేంద్రంలో చేరాడు. అప్పటినుంచీ అమ్మ స్నానానికి కూడా ఆ గొలుసు తీయలేదు. తమ్ముడు తన పెట్టెకి తాళం కొన్నాడు.

ఆ తాళం వేసిన ప్రతిసారీ అతనికి లోపల ఏదో హాయిగా ఉండేది. దాచడానికి ఆ పెట్టెలో రెండు చొక్కాలు తప్ప ఏమీ లేవు. తాళం చప్పుడు అన్నకి వినిపించాలి, అంతే. ఒకసారి అది పట్టేస్తే అన్నే నూనె వేసి, బాగుచేసి, తాళంచెవి తమ్ముడి చేతిలోనే పెట్టాడు. దొంగకి కూడా సిగ్గు ఉంటుందన్నమాట అని తమ్ముడు అప్పుడు అనుకున్నాడు. తన మంచితనానికి ఇంత వెలుగు ఎక్కడినుంచి వస్తోందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇప్పుడు ఆ దొంగనే సలహా అడగాల్సి వచ్చింది. అన్న బూట్లకి లేసులు కట్టుకుంటున్నాడు.

"అన్నయ్యా, అప్పుడు నీకు చెయ్యి వణికిందా?"

అన్న వంటింటి వైపు చూసి నవ్వాడు. "ఆ విద్య నాకేం తెలుసురా? అమ్మనడుగు."

ఎగతాళి చేస్తున్నాడని తమ్ముడికి ఒళ్ళు మండింది.

కేంద్రంలో పని సులువుగానే మొదలైంది. కౌన్సెలరు ఫోను బల్ల మీద వదిలి మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు. తమ్ముడు దాన్ని జేబులో వేసుకున్నాడు. ఇక తలుపు దాకా నడిస్తే చాలు. అంతలో ఫోను మోగింది. పెద్దవాళ్ళ ఫోను మోగుతూ ఉంటే ఊరుకోవడం అతనికి చిన్నప్పటినుంచీ చేతకాదు. తీసి, "సార్ లోపలున్నారండి, రాగానే చెబుతాను," అన్నాడు. మాట్లాడినాయన పేరు, పని ఒక కాగితం మీద రాసి, దాని మీద ఫోను బరువుగా పెట్టాడు.

కౌన్సెలరు వచ్చి ఆ కాగితం చదివాడు. జాలిగా తల ఊపాడు.

"చూశావా? ఇందుకే నిన్ను చేర్చుకోలేనంటున్నాను."

తమ్ముడు ఇంటికొచ్చి అమ్మకి అంతా చెప్పేశాడు. చెప్పకుండా ఉండటం కూడా అతనికి రాదు. అమ్మ విని లేచింది. తర్వాత మండుటెండలో శాలువా కప్పుకుంది.

"నీ కడుపులో మాట దాగదు. అందుకే నీకు ఏదీ చెప్పను. నాతో రా, అక్కడ నోరు మాత్రం తెరవకు."

స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ టీ తాగుతున్నాడు. అమ్మ బెంచీ మీద కూలబడి ఒక్కసారిగా ఏడ్చింది. చిన్నకొడుకు కూడా చెడిపోయాడంది. పొద్దున గొలుసు బీరువాలో పెడితే మధ్యాహ్నానికి లేదంది. తమ్ముడు తల్లి వైపు చూశాడు. తన సీటు కోసం, తల్లి జీవితంలో మొదటిసారి ఇంత పెద్ద అబద్ధమాడుతోంది. ఇలాంటి తల్లి సొత్తునే అన్న కాజేశాడు కదా అనుకునేసరికి పాత అసహ్యం మళ్ళీ పొంగింది. తల దించుకున్నాడు. దించుకున్న తల దొంగ తలలాగే ఉంటుందని తోచి, కాస్త ఊరట కూడా కలిగింది.

హెడ్ కానిస్టేబుల్ ఆవలిస్తూ అంతా రాసుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి అమ్మ శాలువా కొంగు పైకి లాగింది. ఆయన కలం ఆపి, ఆమె మెడ వైపు విసుగ్గా చూశాడు.

"మిగతా తల్లులంతా పోయిన వస్తువుని ఇంట్లో పెట్టి వస్తారమ్మా, మీరే పెద్దబ్బాయి ఫిర్యాదప్పుడూ మెడలో వేసుకునే వచ్చారు, ఇప్పుడూ మెడలో వేసుకునే వచ్చారు."