పక్కనున్న ఆయన

బొగ్గుగనిలో దిగే ప్రతి మనిషి టోపీలోనూ మాట్లాడే యంత్రం తోడుగా ఉన్న రోజులవి. అది దారి చెప్పేది, నీళ్లు తాగమని గుర్తుచేసేది. పైకప్పు కూలిన మూడో రోజున రక్షణ దళాన్ని నడిపే రాజేశం, అతని మనుషులు రాళ్లు తొలగించి, లోపల చిక్కుకున్న ఓదెలును చేరుకున్నారు. ఓదెలు మాత్రం కదలనన్నాడు.

“నా పక్కన ఇంకొకాయన ఉన్నడు. ముందు ఆయనను తియ్యిండ్రి.”

“చిక్కింది నువ్వొక్కనివే బావా. నీ టోపీ ముచ్చట పెట్టిందేమో. పైన మా అక్క ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నది, నడువు,” అన్నాడు రాజేశం.

వెంట వచ్చిన ఇంజనీరమ్మ నలిగిన టోపీని తిప్పి చూసింది. కప్పు కూలిన నిమిషంలోనే దాని మాట ఆగిపోయిందని చెప్పింది.

“గట్లయితే నన్ను పండనియ్యకుండ పలకరించిందెవలు?”

పక్కవాడికి ఇవ్వకుండా గనిలో ఎవరూ గుక్కెడు తాగరు. ఓదెలు తాగినప్పుడల్లా ఆయన వంతని సగం మిగిల్చాడు. మొదటి రోజే అయిపోవలసిన నీళ్లు సీసాలో ఇంకా ఉన్నాయి. ఇంజనీరమ్మ ఆ సీసాను దీపం వెలుగులోకి ఎత్తి చూసింది.

నెత్తిమీద కప్పు మళ్లీ చిటపటలాడింది.

“ఆయనను ఇడిసిపెట్టి నేను రాను,” అన్నాడు ఓదెలు.

రాజేశం వంగి, ఓదెలు పక్కనున్న చీకటికి రెండు చేతులా దండం పెట్టాడు.

“అన్నా, మా బావను మంచిగ సూసుకున్నవు. నువ్వు గూడ రా, పోదాం.”

అప్పుడు లేచాడు ఓదెలు. పైకి తీసుకుపోయే బండి ఎక్కాక, ఇంజనీరమ్మ పక్క సీటు మీదున్న తన సంచిని తీసి ఒళ్లో పెట్టుకుంది.