ఉందనుకో

“అమ్మా, దీనికో మంచి తెలుగు మాట చెప్పవే,” అంది హెలెన్. ఆమె ఎం.సి.ఏ. ప్రాజెక్టు, తెలుగు మాటలతో రాసిన ప్రోగ్రాములను కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్.

రెబ్కా మిరపకాయల తొడిమలు తుంచుతూనే, “దేనికే?” అంది.

“ఇదొక డబ్బా అనుకో. లోపల సరుకు ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉందో లేదో అడిగి తీసేదానికి ‘ఉంటేతీయి’ అని పెట్టా. అడక్కుండా చెయ్యి పెట్టేసేదానికే పేరు దొరకట్లేదు.”

“అడక్కుండా పెడితే ఏమవుద్ది?”

“ఖాళీ అయితే ప్రోగ్రాం మొత్తం అక్కడే ఆగిపోద్ది.”

రెబ్కా చేతులు ఆగాయి. ఎదురుగా కొక్కేనికి భర్త చొక్కా వేలాడుతోంది. బోరు లారీతో పనికి వెళ్ళిన మనిషి ఆరేళ్ళుగా తిరిగి రాలేదు. ఆ చొక్కాను మాత్రం ఆమె ప్రతి శనివారం ఉతికి, మళ్ళీ అక్కడే తగిలిస్తుంది.

“‘ఉందనుకో’ అని పెట్టు,” అంది.

“భలే ఉందమ్మా!” హెలెన్ కాగితం మీద రాసుకుని తలెత్తింది. తల్లి చూపు ఇంకా చొక్కా మీదే ఉంది.

గుర్తు తెలియని శవం ఫొటో చూసి వెళ్ళమని పోలీసు స్టేషన్ నుంచి రెండుసార్లు కబురొచ్చింది. రెబ్కా వెళ్ళలేదు. నాన్న వస్తాడన్న నమ్మకంతోనే వెళ్ళలేదని హెలెన్ ఇన్నాళ్ళూ అనుకుంది.

“అమ్మా, రేపు స్టేషన్‌కెళ్ళి ఆ ఫొటో చూసొద్దామా? ఒక్కసారి అడిగితే తెలిసిపోద్దిగా.”

రెబ్కా ఇంకో కాయ అందుకుంది.

“ఖాళీ అని నాకెప్పుడో తెలుసే. ఆగిపోతానని చెయ్యి పెట్టట్లేదు.”