ఫిర్యాదుల్లేని వారం

"చూశావా అమ్మాయ్? వారంగా ఒక్క ఫిర్యాదు లేదు!" అంటూ ఫోన్ కంపెనీ మేనేజరు ఖాళీ తెరను ఇంజనీరు వైపు తిప్పాడు.

ఆమెకు ఒళ్లు మండింది. పాత బటన్ల ఫోనూ కొత్త ఫోనూ మాట్లాడుకోవాలంటే, దారిలో గొంతును ఒక తీరులోంచి ఇంకో తీరులోకి మార్చే యంత్రాలు కావాలి. ఉన్నవి చాలడం లేదు, బయటినుంచి ఇంకొన్ని యంత్రాలు అద్దెకు తీసుకుందామని ఆమె మొత్తుకుంది. ఈయన వినలేదు. పాత ఫోన్ల కాల్స్‌ను మోగకముందే తెంచెయ్యమన్నాడు. లేనివాళ్ల నోరు నొక్కడానికి మీటింగుల్లో పెట్టుకున్న ముద్దుపేరు పొదుపు!

"ఫిర్యాదు చెయ్యాలన్నా వాళ్లు ఆ ఫోన్లోంచే చెయ్యాలి కదండీ. అదీ తెగిపోతోంది."

"నీ ఉపన్యాసం ఆపు తల్లీ. ఈ వారమే ప్రాణం హాయిగా ఉంది. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి నా తల తినే మా అక్క కూడా అలిగి మానేసింది. ఒక్కతే ఉంటుంది, ఆస్తమా మనిషి, కోపం మాత్రం ముక్కు మీదే. ఉండు, బతిమాలతా."

నంబరు నొక్కాడు. మోగకుండానే తెగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే.

"కట్ చేస్తోంది చూడు! ఎంత పొగరో!" అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు.

"అక్కగారిది ఏ ఫోను సార్?"

"నేను వాడి పారేసిన బటన్ల..."

లేచి, బండి తాళాల కోసం జేబులన్నీ తడుముకున్నాడు. తాళాలు అతని చేతిలోనే ఉన్నాయి.