అడిగితే చెప్తడు

కరీంనగర్ కోర్టులో బుచ్చిరాములు కేసు ఆ రోజు కూడా వాయిదా పడింది.

సుల్తానాబాద్‌లో దుకాణానికి తాళం వేసి, బస్సులో నిలబడి వచ్చి, వరండా గోడకు చేరగిలబడి పొద్దంతా ఎదురుచూస్తే దక్కింది మరో తేదీ. కోర్టువాళ్ల దగ్గర తేదీలకు మాత్రం కొదవ లేదు.

అతనిది కిరాయి సైకిళ్ల దుకాణం. గంటకింతని సైకిళ్లు ఇస్తాడు, పంచర్లు వేస్తాడు. కిరాయికి తీసుకున్న ఆ మడిగె, ఆ కొట్టు గది, బజారు మొగదల్లో ఉండబట్టే నలుగురూ వస్తారు. అది పోతే ఇంట్లో పొయ్యి వెలిగే దారి లేదు.

మడిగె ఆసామి పేరు హనుమండ్లు. ఉండేది కరీంనగర్‌లో. బుచ్చిరాములు ఆయన్ని ఎన్నడూ చూడలేదు. కిరాయి వసూలుకు వచ్చేది ఆయన కొడుకు రాజం. ఇప్పుడా రాజమే తండ్రి పేరు మీద దావా వేయించాడు. హనుమండ్లు తానే అక్కడ బట్టల దుకాణం పెట్టుకుంటాడట, అందుకని ఖాళీ చేయాలట.

"ఏమన్నడు బిడ్డా హాకీం?"

నీళ్ల కుండ పక్కన బల్ల మీద కూర్చున్న ముసలాయన జడ్జి సంగతి అడిగాడు. తలకు రుమాలు, చేతిలో కర్ర. పోయిన వాయిదాకూ అక్కడే కనిపించాడు.

"ఏమంటడు తాతా! మల్ల రమ్మన్నడు."

"రావాలె. నువ్వు ఒక్కపారి రాలేదనుకో, నువ్వు లేకుంటనే తీర్పు చెప్తరు. జరమొచ్చినా రావాలె."

బుచ్చిరాములు తల ఊపాడు. కోర్టు దగ్గర సలహాలు ఊరికే రావని, చివరికి చాయ్ పైసల దగ్గర తేలతాయని అతనికి తెలుసు.

ముసలాయన దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"ఇంకోటి ఇను. ఆసామికి పానం బాగలేదు, ఆయన బదులు కొడుకే బోనెక్కి గవాహీ ఇస్తడంటరు. ఒప్పుకోకు. దుకాణం పెడ్తనన్నది ఆసామి. ఆయన్నే బోనెక్కియ్యాలె అని నీ వకీలుకు చెప్పు."

"ఎక్కిస్తే ఏమొస్తది? కొడుకు నేర్పిందే చెప్తడు."

"చెప్పడు. ప్రమాణం చేయించి అడుగుమను. నీకు దుకాణం నడిపే ఓపిక ఉన్నదా, గా మడిగె నీకు నిజంగ కావాల్నా అని అడుగుమను. అడిగితే చెప్తడు."

"గంత మంచోడైతే అడగకముందే చెప్పొచ్చు గద?"

ముసలాయన తల రుమాలు సర్దుకున్నాడు.

"కొడుకు ఇంట్ల తినెటోడు తనంతట తాను ఎట్ల చెప్తడు బిడ్డా? హాకీం అడిగిండు, చెప్పిన... అనుకోనికి ఓ సాకు ఉండాలె గద."

లోపలి నుంచి వకీళ్లు మాట్లాడుకుంటూ వస్తున్న అలికిడి వినిపించింది. ముసలాయన చప్పున లేచి, కర్ర పొడుచుకుంటూ అటు వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక బుచ్చిరాములు ఈ సంగతి భార్య చంద్రవ్వతో అన్నాడు.

"వకీలుకు చెప్పరాదు మరి?" అంది ఆమె.

"చెప్తే, నల్లకోటు నువ్వే తొడుక్కోరా అంటడు. ఎవడో పైరవీకారు ముసలోని మాట పట్టుకొని..."

"పైసలు అడిగిండా ఆయన?"

"ఇంకా అడగలే."

మళ్లీ వాయిదా వచ్చింది. ఎండలు ముదిరాయి. దారిలో బస్సు చెడిపోయి, బుచ్చిరాములు సగం దూరం నడిచి, మిగిలింది లారీలో వచ్చాడు. చెమట ఆరకముందే వకీలు కాగితం ముందు పెట్టాడు.

"రాజీ చేసుకో బుచ్చిరాములూ. ఖాళీ చేయనీకి మూడు నెలలు మియాదు ఇస్తమంటుండ్రు. కొట్లాడితే ఇది ఎన్నేండ్లు గుంజుతదో నాకే ఎరుక లేదు."

ముసలాయన మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చెప్పాలంటే వాదించాలి, వాదిస్తే మళ్లీ వాయిదా, మళ్లీ తాళం, మళ్లీ బస్సు. బుచ్చిరాములు అలసిపోయాడు. వకీలు మీద కోపం కూడా రాలేదు. కోపానికీ ఓపిక కావాలి.

"మీ ఇష్టం వకీల్ సాబ్," అన్నాడు.

వరండాలో ముసలాయన ఎదురొచ్చాడు.

"చెప్పినవా వకీలుకు? ఇయ్యాల ఆసామిని బోనెక్కిస్తుండ్రా?"

"నీకెందుకే తాతా నా లొల్లి? నా పరేషాన్ల నేనున్న." బుచ్చిరాములు జేబు తడిమి, పది నయాపైసల బిళ్ల తీసి ఆయన చేతిలో పెట్టాడు. "పో, చాయ్ తాగిపో."

ముసలాయన ఆ బిళ్ల వంక చూశాడు. పారేయలేదు, జేబులో వేసుకోలేదు.

"రాజీ కాగితం మీద మాత్రం దస్కతు పెట్టకు బిడ్డా," అన్నాడు మెల్లగా.

అంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది.

హాకీం కాగితం చదివి తలెత్తాడు.

"నీ ఇష్టంతోనే ఖాళీ చేస్తున్నావా? అవతలివాళ్లను ఏమన్నా అడిగేది ఉన్నదా?"

సైకిళ్లు ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తున్న బుచ్చిరాములు ఉలిక్కిపడ్డాడు.

"ఏం లేదు సార్."

సంతకం చేశాడు. మూడు నెలల్లో మడిగె ఖాళీ చేయాలని హాకీం ఉత్తర్వు రాసేశాడు. ఏడుపు రావాల్సిన చోట బుచ్చిరాములుకు ఆవులింత వచ్చింది. దానికి తనే సిగ్గుపడ్డాడు.

"ఇగ దావా వేసినాయన ఎవరు? వచ్చి దస్కతు చెయ్యాలె," అని గుమస్తా కేకేశాడు.

రాజం లేచి, వెనక బల్ల మీద కూర్చున్న ఒకాయన్ని జబ్బ పట్టుకొని ముందుకు తెచ్చాడు.

కలం చేతికిస్తే, ఆ నీళ్ల కుండ పక్క ముసలాయన, ఎవరూ ఏ ప్రశ్నా అడగకుండానే, 'హనుమండ్లు' అని సంతకం చేశాడు.