దొరసాని తనిఖీ

క్యాప్సూల్ మూడోసారి నేల మీద పడింది. ఈసారి దాని పక్కనే రెండు చుక్కల రక్తం కూడా పడింది. రక్తం ఇన్‌స్పెక్టరు గారిది.

"కాళ్లు గట్టిగా పట్టుకోమన్నానా లేదా?" అని భార్య మీద విరుచుకుపడ్డాడు.

ఆవిడ పట్టుకునే ఉంది. పిల్లిని తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డలా ఒళ్లో అదిమి పెట్టుకునే ఉంది. అయినా ఐదో కాలు మొలిచినట్టు ఎక్కణ్నించో ఓ పంజా వచ్చి ఆయన బొటనవేలు చీరేసింది. పిల్లి ఒక్క దూకుతో ఫ్రిజ్ మీదికెక్కి మూతి శుభ్రం చేసుకోసాగింది. దాని పేరు దొరసాని. ఆ పేరు పెట్టిందీ ఆయనే, ఇప్పుడు అనుభవిస్తున్నదీ ఆయనే.

ఇన్‌స్పెక్టరు గారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అది ప్రయాణికుల మీద ఖర్చయ్యేది. రిటైరయ్యాక మొత్తం ఇంటికే మిగిలింది.

ముప్పై రెండేళ్లు కస్టమ్స్‌లో పనిచేశాడు. బూటు మడమల్లోంచి, పాలపొడి డబ్బాల్లోంచి, సూట్‌కేసు అడుగు కింద ఉండే దొంగ అడుగులోంచి దాచినవన్నీ బయటికి లాగాడు. దొంగలంతా పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే తాగుతారని, చూసేవాడు చూస్తూనే ఉంటాడని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఇన్ని దొంగదారులు తెలిసినవాడికి ఓ క్యాప్సూల్‌ను పిల్లి కడుపులోకి దాటించడం ఒక లెక్కా?

లెక్కే అయింది. మొదటిరోజు చేపముక్కను చీల్చి, మధ్యలో క్యాప్సూల్ పెట్టి, అతుకు తెలియకుండా మూశాడు. దొరసాని చేపంతా తిని, క్యాప్సూల్‌ను కడిగిన ముత్యంలా నాకి వదిలేసింది. రెండోరోజు గుడ్డుసొనలో దాచాడు. అది వాసన చూసి, ముఖం తిప్పుకుని, గిన్నె చుట్టూ నేలను కుడికాలితో గీరింది, పాడైనదాన్ని మట్టేసి పూడుస్తున్నట్టు. మూడోరోజూ అంతే. జబ్బుతో దానికి ఆకలి చచ్చిపోయింది. మందు లేని తిండయితే ఊరికే వాసన చూసి వెళ్లిపోతోంది. మందుంటే మాత్రం పూడ్చిపెట్టి మరీ వెళ్తోంది. తాడి తన్నేవాడికి తల తన్నేది ఇంట్లోనే దొరికింది.

నవ్వుకునే సంగతి కాదది. దాని మూత్రపిండాల్లో చీము పట్టిందని, పదిరోజులు మందు పడకపోతే దక్కదని పశువుల డాక్టరు చెప్పాడు. అప్పుడే నాలుగు రోజులు గడిచిపోయాయి.

"బతకాలని లేదు దీనికి. మింగితే అరనిమిషం పని" అని ఇన్‌స్పెక్టరు పళ్లు కొరికాడు.

"మీరు మింగారా?" అంది భార్య.

ఎనిమిది నెలల కిందటి మాట అది. ఆయన బాత్రూంలో కళ్లు తిరిగి పడిపోతే, బీపీ హద్దు మీరిందని డాక్టరు మాత్రలు రాశాడు. ఆయన ఆ అట్టలు తీసి కిటికీలోంచి గిరాటేశాడు. మళ్లీ తన ముందు మాత్ర అనే మాటెత్తితే ఈ ఇంట్లో మెతుకు ముట్టనని ఒట్టేశాడు. అన్నంత పనీ చేసే మనిషి. మరో రెండు నెలలకు చూపిస్తే బీపీ దిగింది. మందూ మాకూ లేకుండా నేనే దించానని ఆ రోజంతా ఎగిరాడు.

"నా సంగతెందుకిప్పుడు? నాకు దిగింది. దానికి దిగదు" అన్నాడు.

పోనీ క్యాప్సూల్ విప్పి పొడిని దేన్లోనైనా కలుపుదామా అని ఆవిడ మెల్లిగా అడిగింది.

"పొడి కలపడం చేతకాని దొంగల పని. మొదటి తనిఖీ బల్ల దగ్గరే దొరికిపోతారు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని ఆయన ఎగిరిపడ్డాడు.

"నాకంత తెలివి ఎక్కడిదండీ" అని ఆవిడ లేచి స్టవ్ దగ్గరికి వెళ్లింది.

సాయంత్రం ఆయనకు కోడి సూపు తెచ్చింది. పడి లేచిన ఒంటికి బలమని రోజూ చేస్తోంది. ఇదివరకు అందులో రెండు చెంచాలు దొరసానికి పోసేవాడు. ఉప్పు పిల్లికి పడదని ఆవిడే మాన్పించింది.

"అడుగుదాకా తాగండి. సారమంతా అడుగునే ఉంటుంది" అని రోజూలాగే ఎదురుగా నిలబడింది.

ఇంతలో వాన మొదలైంది. మేడ మీద బట్టలు తడుస్తున్నాయని, తను వచ్చేలోపు తాగేయమని చెప్పి ఆవిడ పరుగెత్తింది.

దొరసాని ఎప్పుడు దిగిందో, కుర్చీ కింద ముడుచుకుని పడుకుంది. ఆయన వంగి నిమిరాడు. వెన్నెముక పూసపూసా చేతికి తగిలింది. ఆయనకు ఏడుపొచ్చినా కోపంలాగే వస్తుంది.

"చావు. నాకేం?" అన్నాడు. క్యాప్సూల్ మీద, డాక్టరు మీద, తన ముప్పై రెండేళ్ల తెలివి మీద ఒళ్లు మండింది. నాలుగు రోజులుగా ఈ నోరులేని జీవాన్ని మోసం చేయాలనే చూశాడు. అది తనను ఇంకెందుకు నమ్ముతుంది?

తన గిన్నె తీసి నేల మీద, దాని ముఖం ముందు పెట్టాడు.

"ఇదిగో, ఇది నాది. రోజూ నేను తాగేదే. దీన్లో మోసం లేదు. నీకు దండం పెడతాను, రెండు గుటకలు తాగవే."

దొరసాని ఓపిక తెచ్చుకుని లేచింది, గిన్నె మీదికి వంగి ఒకసారి వాసన చూసింది, ముఖం తిప్పుకుని, గిన్నె చుట్టూ నేలను కుడికాలితో గీరసాగింది.