అదే అల్లుకున్న దారం

2004 వేసవిలో ఒక రాత్రి. కాకినాడలోని ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పదకొండు దాటింది. అక్కడ పరిశోధన చేస్తున్న ప్రణతికి నిలబడే ఓపిక కూడా లేదు. తెల్లారితే గైడు గారు వచ్చి చూస్తారు. కరెంటు కొలిచే మీటరు ముల్లు ఒక్కచోట నిలిస్తే స్కాలర్‌షిప్పు ఇంకో ఏడాది వస్తుంది. లేకపోతే మూడేళ్ళ పనీ అటకెక్కినట్టే.

ఆమె తయారుచేసిన అణువులు గిన్నెల్లా వంగి ఉంటాయి. ద్రావణంలో కదపకుండా వదిలేస్తే గిన్నెలో గిన్నె ఒదిగినట్టు పేరుకుని, కరెంటు పారే సన్నని దారం అవుతాయి. పూర్తిగా ఆరబెట్టిన ఆ దారమే ఇప్పుడు మీటరుకు కలిపి ఉంది.

"వల అల్లడం అయిందాండీ మేడమ్ గారూ?" అన్నాడు తలుపు దగ్గర అటెండరు పల్లంరాజు. వాళ్ళది చేపలు పట్టే ఇల్లు.

"నేనేం అల్లలేదండీ. అదే అల్లుకుంది."

"మనిషి చెయ్యి పడని వలని మావాళ్ళు నీళ్ళలో వెయ్యరండి," అని నవ్వి, గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ముల్లు నిలవడం లేదు. లేస్తోంది, వాలుతోంది. కాసేపు చూస్తే తెలిసింది, అది తన ఊపిరితో పాటే కదులుతోందని. శ్వాసలోని తడి తగులుతోంది కాబోలు అనుకుంది. ఫ్యాను ఆపింది. దారం మీద గాజు మూత బోర్లించింది. చున్నీతో ముక్కూ నోరూ మూసుకుని ఊపిరి బిగబట్టింది.

ముల్లు ఆగింది. హమ్మయ్య, అంతే కదా. పెన్సిలు అందుకుంది.

గాజు మూతకి లోపలివైపు చిన్న ఆవిరి మచ్చ పట్టింది. ముల్లు మెల్లగా లేచింది.

ప్రణతి ఇంకా ఊపిరి తీసుకోలేదు.