ఆఖరి సీసా

పదహారో రోజు, పోయినవాళ్లకు ఇష్టమైనవి పెట్టే పడయల్‌కి, శ్రీకుమార్ ఫోటో ముందు అరటాకు పరిచారు. అతనికి ఇష్టమైనవన్నీ వడ్డించారు. వేయించిన నెత్తళ్లు, మటన్ కుర్మా, తమలపాకులు. ఒకటి మాత్రం తక్కువైంది.

“వాడు కడసారిగా తాగిందే పెట్టాల భువనా. లేకుంటే ఆశ తీరకుండా ఈడనే తిరగతా ఉంటాడు” అంది అతని తల్లి అమ్మణి.

భువనేశ్వరికి ఒళ్లు మండింది. మొగుడు పోయినప్పటినుంచీ ఆమె ఏడవలేదు. ఏడవాలంటే ముందు అతన్ని క్షమించాలి. అది ఆమె వల్ల కాలేదు.

చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో శ్రీకుమార్ తాగుడు తెలియని వీధి లేదు. పన్నెండేళ్లు భరించింది. మూడు నెలల కిందట తిరువొత్తియూరు గుడిలో కూతురు ప్రణతి తల మీద చెయ్యి పెట్టి మానేస్తానన్నాడు. మానేశాడు కూడా. వేళకు ఇంటికొచ్చేవాడు. ఆమె మళ్లీ తల్లో పూలు పెట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె టి. నగర్ నుంచి చీరల సంచితో వచ్చేసరికి అతను కుర్చీలో వాలిపోయి ఉన్నాడు. పక్కన ఖాళీ బీరు సీసా. నోట్లోంచి అదే పాత వాసన. మాట ముద్దగా వస్తోంది. ఆమె కొంగు పట్టుకోబోయాడు గానీ చెయ్యి లేవలేదు.

“భువనా... నేను...”

“మత్తు దిగినాక మాట్లాడు” అని ఆమె గదిలోకి పోయి తలుపేసుకుంది.

సాయంత్రం తలుపు తీసేసరికి అతని ఒళ్లు చల్లబడిపోయింది. మెదడులో నరం చిట్లిందని, వెంటనే తెచ్చి ఉంటే బతికేవాడని డాక్టరు చెప్పాడు. తాగి పడున్నవాణ్ని ఎవరు మాత్రం తీసుకుపోతారని చుట్టాలంతా ఆమెనే ఓదార్చారు. ఆమె కూడా అదే అనుకుంది. ఆ కోపం లేకపోతే ఇన్నాళ్లు లేచి తిరిగేది కాదు.

అమ్మణి కళ్లు తుడుచుకుంటూ మళ్లీ అడిగింది. కన్నతల్లి కదా. భువనేశ్వరి కాదనలేకపోయింది. వరండా మూల పడేసిన ఆ సీసాను, చూడటం కూడా ఇష్టం లేక, పాత పేపరులో చుట్టి మరిది కిరణ్‌కుమార్‌కి ఇచ్చింది. అతను జన్మలో మందు ముట్టని మనిషి. అచ్చం అలాంటిదే ఒకటి తెమ్మంది.

టాస్మాక్ మందు షాపుకి వెళ్లిన కిరణ్‌కుమార్ అదే పొట్లంతో తిరిగొచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. వదిన మొహం చూడలేకపోయాడు.

“ఇది ఆడ దొరకదంట వదినా, సూపర్‌మార్కెట్‌లో కూల్‌డ్రింకుల కాడ అడగమన్నారు, తాగుడు మానేసినోళ్లు ఇప్పుడు శానామంది ఇదే కొంటా ఉండారంట, దీంట్లో మందు చుక్క కూడా లేదంట.”